రాయచోటి రోడ్డు ప్రార్థన ఇంట్లో ఒక మంగళవారం ఊరకుండి వచ్చాను

కడప నుంచి రాయచోటి పోయే రోడ్డులో, గువ్వలచెరువు ఘాట్ ఇంకా మొదలు కాకముందే, మెయిన్ రోడ్డు దిగి మట్టిదారిన కాసేపు నడిస్తే ఒక చిన్న ప్రార్థన ఇల్లు వస్తుంది. వారంలో రెండు రోజులు, మంగళవారం, గురువారం, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా, ఫోన్ లేకుండా మాట లేకుండా దేవుని సన్నిధిలో కూర్చోవాలనుకునేవాళ్ళకు అక్కడ తలుపు తీస్తారు. పేరు రాయొద్దని వాళ్ళే అడిగారు, రోజుకు పన్నెండు మందికి మించి చోటు లేదంట. మీ సంఘంలో పెద్దవాళ్ళను అడగండి, దారి చెప్తారు. నేను ఈస్టరుకు ముందొచ్చే శ్రమదినాల్లో ఒక మంగళవారం పోయొచ్చాను. మూడు నెలలు ఆగి ఇప్పుడు రాస్తున్నా, ఎందుకంటే ఇలాంటి చోటు గురించి బయటికొచ్చిన రోజే రాస్తే అంతా బాగుందనే రాస్తాం, ఆ బాగు మన ఇంట్లో, మన పనిలో నిలబడిందా లేదా అనేది తర్వాతే కదా తెలిసేది.

మాది కడపలో ఏడు రోడ్ల దగ్గర సందులో టిఫిన్ సెంటర్. నేను, మా ఆయన, మా అత్త, ముగ్గురమే. నేను మూడుంబావుకు లేస్తా. చట్నీకి చెనక్కాయలు వేయించాలి, నానేసిన ఎండుమిరపకాయలు, ఉల్లిగడ్డ, తెల్లగడ్డ ఎర్రకారానికి మిక్సీకి వెయ్యాలి, పప్పుల పొడి చాలకపోతే అది కూడా కొట్టాలి. ఆరింటికి మొదటి కారం దోశ పెనం మీద పడాలి, ఎందుకంటే బస్సుకు పోయేవాళ్ళు అప్పటికే వచ్చి నిలబడి ఉంటారు. పదకొండుకు పెనం దించుతాం. తర్వాత గిన్నెలు, కూరగాయల మార్కెట్, పిల్లల బడి, మళ్ళీ నాలుగింటికి బజ్జీల మూకుడు. రాత్రి తొమ్మిదిన్నరకు గల్లాపెట్టె లెక్క. ఇందులో దేవునికి ఏ గంట ఇవ్వాలి?

సంఘంలో ఎప్పుడూ వినే మాట ఒకటుంది, తెల్లవారుజామున లేచి ప్రార్థన చెయ్యండి, యేసు ప్రభువు కూడా ఇంకా చాలా చీకటి ఉండగానే లేచి అరణ్యప్రదేశానికి పోయి ప్రార్థించాడు అని. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో ఉంది, ఆ మాట నిజం. కానీ నా చీకటంతా మిరపకాయల దగ్గరే అయిపోతుంది. ఒక నెల రెండున్నరకే లేచి చూశాను. మోకాళ్ళ మీదే నిద్రపట్టేది, ఆ మత్తులోనే ఒకరోజు పెనం అంచుకు చెయ్యి ఆనించి కాల్చుకున్నాను, ముంజేతి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ తర్వాత మానేశాను. మానేసినప్పటి నుంచి లోపల ఒక బరువు, నేను మంచి విశ్వాసిని కాను, ఆయనకు టైమ్ ఇవ్వలేకపోతున్నాను అని. ఇది చదివేవాళ్ళలో ఆ బరువు మోసేవాళ్ళు చాలామంది ఉంటారని తెలుసు నాకు. నైట్ డ్యూటీ చేసే నర్సులు, బస్సు కండక్టర్లు, చంటిపిల్లల తల్లులు. మీకోసమే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

వేరే దారులు చూడలేదని కాదు. ఫోన్‌లో ఆడియో బైబిల్ పెట్టుకుని పిండి రుబ్బాను, అది చాలా మంచి అలవాటు, కీర్తనలు చాలావరకు అలాగే నోటికొచ్చాయి, ఇప్పటికీ వదల్లేదు. ప్రార్థన గ్రూపులు మూడింటిలో ఉన్నా, పొద్దున చూసేసరికి వందకు పైన మెసేజీలు, అందరికీ ఆమెన్ పెట్టేలోపు ఎవరి కోసం ప్రార్థించానో నాకే గుర్తుండదు. ఆల్ నైట్ ప్రేయర్లకు పోతాం, నాకిష్టం, కీబోర్డు, ప్యాడ్లు, వందమంది ఒక్కసారిగా గొంతెత్తి ప్రార్థిస్తుంటే ఒళ్ళు జలదరిస్తుంది, దాన్ని తక్కువ చేసి ఒక్క మాట కూడా అనను. అయితే వీటన్నిట్లో నేను వింటూనో మాట్లాడుతూనో ఉంటా. మా జేజి, అంటే మా నాయనమ్మ, వేరేగా ఉండేది. 1822లో లండన్ మిషన్ వాళ్ళు కడపలో మొదలుపెట్టిన పని 1947లో సీఎస్ఐలో, అంటే దక్షిణ ఇండియా సంఘంలో కలిసింది, మిషన్ కాలం, సీఎస్ఐ కాలం రెండూ చూసిన మనిషి ఆమె. పొద్దుగూకేవేళ గడపకు ఆనుకుని, కొంగు తల మీదికి లాక్కుని, పెదవి కూడా కదలకుండా కూర్చునేది. ఏం చేస్తాండావు జేజీ అని అడిగితే "దేవుని కాడ ఉండా పాపా" అనేది, అంతే, మళ్ళీ మాట ఉండేది కాదు. నాకు కావాల్సింది అదే అని నలభై ఏళ్ళు దగ్గర పడ్డాక తెలిసింది.

సరే, చోటు గురించి చెప్తా. రెండు రోజుల ముందు ఫోన్ చేసి పేరు చెప్పాలి, పొద్దున పదికీ పన్నెండుకీ మధ్య చేస్తేనే ఎత్తుతారు. ఫీజు లేదు. గుమ్మం పక్కన కానుక పెట్టె ఉంది, భోజనం ఖర్చుకు నూటయాభై ఇవ్వగలిగినవాళ్ళు ఇవ్వమని, లేనివాళ్ళు ఊరికే తినమని చెప్పారు, ఎవరేం వేశారో చూసేవాళ్ళు లేరు. ఏ సంఘం అని అడగలేదు. నా పక్క గదిలో ఉన్నామె మెడలో జపమాల ఉంది, ఇంకో ఇద్దరు పెంతెకొస్తు వాళ్ళలాగా తెల్లచీరల్లో ఉన్నారు. గుమ్మం దగ్గరే ఫోన్ తీసుకుని గుడ్డసంచిలో వేసి, నంబరు రాసిన అట్టముక్క చేతిలో పెడతారు. నాకు ఒకటే టెన్షన్, పిల్లోడికి ఏమన్నా అయితే? ఆ మాట నేను అడగకముందే అక్కడ చూసుకునే రిటైరైన టీచరమ్మ ఒక నంబరు చూపించి, మీ ఇంటికి ఇది చెప్పండమ్మా, అవసరమైతే నేనే వచ్చి పిలుస్తా అన్నారు. తల్లులను ఇంత బాగా ఎరిగినవాళ్ళు ఆ ఏర్పాటు చేశారని నాకు అక్కడే అనిపించింది.

గది చిన్నది. ఒక చాప, ఒక ముక్కాలిపీట, దాని మీద పెద్దక్షరాల బైబిలు, టేబుల్ ఫ్యాను, కిటికీ బయట వేపచెట్టు. గోడకు ఒక్క సిలువ తప్ప వాక్యాల బోర్డులు కూడా లేవు. కింద కడప బండలు, నున్నగా అరిగి, నల్లగా, చల్లగా. మార్చి ఎండకు బయట అప్పటికే మట్టి కాలుతోంది, నేను చాప పక్కకు జరిపి బండ మీదే కూర్చున్నా.

మొదటి గంట చాలా కష్టం, ఇది దాచకుండా చెప్పాలి. మనసు దుకాణం చుట్టూనే తిరిగింది. గ్యాస్ బండ బుక్ చేశామా, పిండి పులిసిపోతుందేమో, అత్త ఒక్కతే చట్నీ పొట్లాలు కట్టగలదా. కళ్ళు మూసుకుంటే పార్శిల్ అని అరుపులు. కాసేపటికి నా చేతుల వైపు చూసుకున్నా. నా వేళ్ళు వాటంతటవే కొంగు కొసను చుట్టి, మెలిపెట్టి, ముడేసి, విప్పి, మళ్ళీ చుడుతున్నాయి. చట్నీ కవరుకు రబ్బరు వేసే పద్ధతి అది, పొద్దున మూడొందల సార్లు చేసే పని. అక్కడ కవరు లేదు, చట్నీ లేదు, వేళ్ళు మాత్రం డ్యూటీ దిగలేదు. గోళ్ళ సందుల్లో ఎర్రకారం, అరచేతుల్లో పులిసిన పిండి వాసన. ఆ చేతుల్ని చూసి నాకే జాలేసింది, ఎవరిదో వేరేవాళ్ళ చేతుల్ని చూసినట్టు.

పదింటికి టీచరమ్మ మమ్మల్నందరినీ వరండాలోకి పిలిచి పావుగంట మాట్లాడారు, రోజు మొత్తంలో నాకు బాగా ఉపయోగపడింది ఆ పావుగంటే. 46వ కీర్తన చదివించారు. "ఊరకుండుడి నేనే దేవుడనని తెలిసికొనుడి" అనే మాట మనకందరికీ తెలుసు, క్యాలెండర్ల మీద ఉంటుంది. దానికి ముందు వచనం చదవమన్నారు. అక్కడ దేవుడు యుద్ధాలు మాన్పుతున్నాడు, విల్లు విరుస్తున్నాడు, బల్లెం నరుకుతున్నాడు, రథాలు కాలుస్తున్నాడు. అంత గోల మధ్యలో వచ్చిన మాట అది, తోటలో పూలు చూసుకుంటూ చెప్పింది కాదు అన్నారు. హెబ్రీలో ఆ మాటకు సడలించు, పట్టు వదులు, చేతులు దించు అనే అర్థం ఉందంట. పోరాడేవాడిని ఇక వదిలేయ్ అన్నట్టు.

ఆ తర్వాత ఆమె అన్న మాట నాకు సూటిగా తగిలింది. "అమ్మా, తెలుగులో ఊరుకో అని ఎవరితో అంటాం?" అని అడిగారు. ఎవరూ పలకలేదు. ఏడ్చే బిడ్డతో అంటాం కదా, ఊరుకో నాయనా, ఊరుకో అని వీపు నిమురుతూ, అన్నారు. నేను ఆ వచనాన్ని ఎప్పుడూ గద్దింపుగానే విన్నా, నోరు మూసుకుని కూర్చోండి అన్నట్టు. ఊరుకోమ్మా, నేనున్నా కదా అనే గొంతుతో ఒక్కసారి కూడా వినలేదు. ఇంకోటి, మన ఇళ్ళల్లో ఆడదానికి ఊరికే ఉన్నావా అనేది తిట్టు. పుట్టింట్లో ఊరికే కూర్చోకుండా ఆ బియ్యం ఏరు అన్నారు, మెట్టినింట్లో మా అత్త ఊరికే కూర్చుంటే దోశ పడదు అంటుంది, ఆమె చెడ్డది అని కాదు, ఆమెకూ వాళ్ళ అత్త అదే నేర్పింది. ఊరికే ఉండడం తప్పు అని నా ఎముకల్లోకి పోయింది. అలాంటి నాతో దేవుడే ఊరికే ఉండు అంటున్నాడు. ఆయన ముందు ఊరికే కూర్చోవడానికి కూడా నేను భయపడుతున్నాను, ఏదో ఒకటి చేసి చూపించాలని, ఇన్ని అధ్యాయాలు, ఇంతసేపు ప్రార్థన అని. ఆ వరండాలో చేతులు ఒళ్ళో వెల్లకిలా పెట్టుకున్నా. వేళ్ళు ఇంకా కాసేపు కదిలాయి. తర్వాత ఆగిపోయాయి.

గదిలోకి పోయాక నిద్రపోయాను. ముక్కాలు గంట. లేచి సిగ్గుపడ్డా, ఒక్కరోజు దొరికితే అది కూడా నిద్రకు పోగొట్టుకున్నానే అని. మంచినీళ్ళకు బయటికొచ్చినప్పుడు టీచరమ్మతో మెల్లగా చెప్పాను. ఆమె నవ్వి, ఏలీయా ప్రవక్త సంగతి చదువుకోమ్మా అన్నారు. రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయం. ప్రాణం విసిగి, చచ్చిపోతే బాగుండు అని చెట్టు కింద పడుకున్న మనిషికి దేవదూత ముందు రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. తిని మళ్ళీ పడుకున్నాడు. మళ్ళీ లేపి మళ్ళీ తినిపించాడు. నిమ్మళంగా మాట్లాడే ఆ స్వరం ఆ తర్వాత ఎన్ని రోజులకో, హోరేబు కొండ దగ్గర. ముందు నిద్ర, తిండి. ఇంతకాలం ఏలీయా గురించి విన్న ప్రసంగాలన్నీ కర్మెలు కొండ మీద దిగిన అగ్ని గురించే, ఈ నిద్ర నాకెవరూ చూపించలేదు.

భోజనం. సంగటి, పప్పు, వేయించిన ఎండుమిరపకాయ, మజ్జిగ. టిఫిన్ సెంటర్ నడిపే మనిషిగా చెప్తున్నా, పప్పులో ఉప్పు కాస్త తక్కువైంది, సంగటి మాత్రం ఉండలు కట్టకుండా చాలా బాగా గెలికారు. మాట్లాడకుండా తినాలి. వడ్డించేవాళ్ళు చేత్తో సైగ చేస్తే మనం తల ఊపాలి. నేను నా పళ్ళెం చూసుకుంటూ కూర్చున్నా, ఒక పెద్దాయన వంగి నా గ్లాసులో మజ్జిగ పోశాడు, నిదానంగా, ఒక్క చుక్క బయట పడకుండా, అంచు దాకా. నేను ఏం అడగలేదు. ఆయన కూడా ఏం అడగలేదు. రోజూ నాలుగొందల మంది చేతుల్లో పళ్ళెం పెట్టేదాన్ని, నాకు ఒకరు వడ్డించి ఎన్నాళ్ళయిందో లెక్క కూడా తెలియదు, మజ్జిగ గ్లాసు పట్టుకుని ఏడ్చేశాను. ఎదురుగా కూర్చున్నామె చూసి తలొంచుకుంది, ఏమైందక్కా అని అడగలేదు. ఆ అడగకపోవడం ఎంత మేలు చేసిందో మాటల్లో పెట్టలేను. ఈ చోటులో అన్నిటికంటే గొప్ప వసతి ఏదంటే అదే అంటాను.

ఇక బాగాలేనివి. మధ్యాహ్నం రెండింటికి బయటి నుంచి ఒక బ్రదర్ వచ్చి మౌనం గురించి యాభై నిమిషాలు మాట్లాడారు, పన్నెండు మందికి మైకు పెట్టి. ఆయన మనసు మంచిదే, వాక్యం కూడా తప్పు చెప్పలేదు, కానీ పొద్దుటి నుంచి కుదురుకున్న మనసు ఆ సౌండ్ బాక్సుకు చెదిరిపోయింది, మళ్ళీ కుదిరేలోపు నాలుగయింది. ఇది వాళ్ళకు చెప్పాను, పొద్దున ఆ పావుగంట ఒక్కటి చాలు, మధ్యాహ్నం వదిలేయండి అని. గదుల్లో కాగితం ఒకటి ఇస్తారు, ఎలా ధ్యానించాలో, రెండు పేజీలు, చిన్నక్షరాలు, పుస్తకాల తెలుగు, చదువు తక్కువైనవాళ్ళకు అది భయం పుట్టిస్తుంది. బాత్రూములు రెండే, శుభ్రంగా ఉన్నాయి కానీ పన్నెండు మందికి చాలవు. కింద కూర్చోలేనివాళ్ళకు రెండే కుర్చీలు, మోకాళ్ళ నొప్పులున్న ఒక పెద్దామె గోడకు ఆనుకుని రోజంతా అవస్థ పడింది. తిరిగొచ్చేటప్పుడు రోడ్డు మీద బస్సు ఆపడానికి స్టాపు లేదు, ఎండలో ముప్పావుగంట నిలబడి చివరికి ఆటో ఎక్కాను, ముందే ఆటో మాట్లాడుకుని పోండి.

ఇంకొక మాట, రోజు కూలీకి పోయేవాళ్ళకు ఒక రోజంతా అంటే ఒక రోజు తిండి. మేము ఆ మంగళవారం సగం దుకాణమే నడిపాం, మాకు తట్టుకునే శక్తి ఉంది, అందరికీ ఉండదు. ఆదివారం ఆరాధన అయ్యాక మధ్యాహ్నం మూడు గంటలైనా తెరిస్తే ఎంతోమందికి అందుతుంది. ఇది కూడా చెప్పాను, రాసుకున్నారు.

మూడు నెలల తర్వాత ఏం మిగిలింది? నా టైమ్‌టేబుల్ మారలేదు, మూడుంబావు మూడుంబావే. పదకొండుకు పెనం దించాక, గిన్నెల దగ్గరికి పోకముందు, దుకాణం వెనక ఒక కడప బండ ఉంది, బట్టలు ఉతికేది, దాని మీద పది నిమిషాలు కూర్చుంటున్నా. ఫోన్ గల్లాపెట్టెలో పెడతా. చేతులు వెల్లకిలా ఒళ్ళో. ఒక్క వచనం మనసులో అనుకుని ఊరికే ఉంటా. ప్రార్థన మనవులు వేరే టైములో, ఇది అడగడానికి కాదు. కొన్ని రోజులు ఆ పది నిమిషాలూ చేపల లారీ హారన్లతోనే పోతాయి. కొన్ని రోజులు మాత్రం, రెండు నిమిషాలో మూడు నిమిషాలో, మా జేజి గడప దగ్గర కూర్చున్నట్టే, ఆయన కాడ ఉన్నా అని తెలుస్తుంది. ఇంకేమీ జరగదు. అది చాలుతుంది, రోజంతా చాలుతుంది.

ఆ పది నిమిషాల్లోనే ఎవరో షట్టరు కొట్టి అక్కా రెండు దోశలు అంటారు. మొదట్లో చాలా కోపం వచ్చేది. తర్వాత మార్కు ఆరో అధ్యాయం చదివాను, యేసు శిష్యులను ఏకాంతంగా వచ్చి కాస్త అలసట తీర్చుకోమంటాడు, ఎందుకంటే వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు ఎక్కువై వాళ్ళకు తినడానికి కూడా తీరిక లేదంట. అచ్చం మా దుకాణమే. తీరా పడవ ఎక్కి పోతే జనం కాలినడకన వాళ్ళకంటే ముందే అక్కడికి చేరారు. ఆయన కసురుకోలేదు, కనికరపడ్డాడు, ఐదు రొట్టెలు రెండు చేపలతో ఐదువేల మందికి పెట్టాడు, అందరినీ పంపించాక అప్పుడు ఒక్కడే కొండెక్కి ప్రార్థన చేసుకున్నాడు. ఆయన ఏకాంతాన్ని కూడా జనం చెడగొట్టారు, ఆయన మళ్ళీ వెతుక్కున్నాడు. ఇది తెలిశాక షట్టరు చప్పుడుకు లేచి పోయి పెనం వెలిగించినా లోపల పోయిందేమీ లేదనిపిస్తుంది.

ఐదుకు నాలుగు ఇస్తా, ఆ మైకు తీసేస్తే ఐదు. గట్టిగా పాడి ఆరాధించి ఆనందించే రోజు కావాలనుకుంటే వేరే చోటికి పోండి, ఇక్కడ మీకు విసుగొస్తుంది. స్వస్థత, ప్రవచనం, ఏదో ఒక జవాబు ఈ రోజే కావాలని పోయినా నిరాశ పడతారు. అలసిపోయి, మాటలు కూడా అయిపోయినవాళ్ళయితే పోండి. వాటర్ బాటిల్, చిన్న తువ్వాలు పట్టుకుపోండి, మొదటి గంటకే లేచి వచ్చేయొద్దు.

మొన్న రాత్రి లెక్క చూసుకుంటుంటే మా అత్త పక్కన కూర్చుని, రోజూ ఆ బండ మీద ఏం చేస్తావు అని అడిగింది. ఊరికే ఉంటా అత్తా అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ఆ ఇంట్లో నన్ను కూర్చోనిస్తారా, నాకు కిందికి కాదే, మోకాళ్ళు వంగవు అంది. పొద్దున పది దాటాక ఫోన్ చేశాను. టీచరమ్మే ఎత్తారు, ఇంకో నాలుగు కుర్చీలు తెప్పించామమ్మా, చేతులున్నవి, తీసుకురా అన్నారు. వచ్చే మంగళవారానికి ఇద్దరి పేర్లు రాయించాను.